రెండు లిపుల ఇంటికి పనికొచ్చే ఉచిత సాఫ్ట్‌వేర్ ఏది, ఎక్కడి నుంచి తెచ్చుకోవాలి?

ప్రశ్న: గుణుపురం నుంచి

అందరికీ నమస్కారం. మాది రాయగడ జిల్లాలోని గుణుపురం. ఇంట్లో మేము మాట్లాడుకునేది తెలుగు, పిల్లలు బడిలో చదివేది ఒడియా, బ్యాంకు నుంచి వచ్చే కాగితాలు ఇంగ్లీషు. మావారికి బజారులో చిన్న కిరాణా కొట్టు ఉంది. అమ్మాయి తొమ్మిదో తరగతి చదువుతోంది, అబ్బాయికి ఆరేళ్ళు. పిల్లల చదువుకూ కొట్టు లెక్కలకూ పనికొస్తుందని మూడు నెలల క్రితం ఒకరు వాడి వదిలేసిన డెస్క్‌టాప్ కంప్యూటరును కొన్నాం. అందులో 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్ డిస్కు ఉన్నాయి. విండోస్ 10 నడుస్తోంది.

అమ్మిన వ్యక్తి ఉత్తరాలు రాయడానికీ, ఫొటోలు దిద్దడానికీ కావలసిన ఖరీదైన సాఫ్ట్‌వేర్లన్నీ తానే ఎక్కించి ఇచ్చాడు. అవి తాళం పగలగొట్టిన నకళ్ళని మాకు అప్పుడు తెలియదు. రెండు వారాలు గడిచేసరికి బ్రౌజరు తెరిచినప్పుడల్లా మాకు సంబంధం లేని ప్రకటనల పేజీ రావడం మొదలైంది, ఆ తరువాత ఒకరోజు మా అమ్మాయి ఒడియాలో టైపు చేసుకున్న సైన్సు ప్రాజెక్టు ఫైలు ఎంత ప్రయత్నించినా తెరుచుకోలేదు. చివరికి మాకు తెలిసిన కుర్రవాడు డిస్కు మొత్తం చెరిపి, అసలైన విండోస్‌ను మళ్ళీ ఎక్కించాడు. పోయిన ప్రాజెక్టును అమ్మాయి మూడు రాత్రులు కూర్చుని తిరిగి రాసుకుంది. ఆ మూడు రాత్రులూ దాని పక్కనే కూర్చున్నాను. ఇకమీదట దొంగ నకలు ఏదీ మా ఇంటి కంప్యూటరులోకి రాకూడదని అప్పుడే నిశ్చయించుకున్నాను. అయితే ఏటేటా చందా కట్టి సాఫ్ట్‌వేర్ వాడుకునే స్తోమత మాకు లేదు.

మా అవసరాలు పెద్దవేమీ కావు. ఉత్తరాలు, దరఖాస్తులు రాసుకోవాలి. కొట్టులో అప్పుగా సరుకు తీసుకెళ్ళేవారి బాకీలు రాసుకోవాలి. తెలుగు, ఒడియా రెండూ ఒకే కాగితం మీద టైపు చేయగలగాలి. దరఖాస్తులకు ఫొటో సైజు తగ్గించుకోవాలి. మా అత్తగారి దగ్గర పెళ్ళిపాటల పుస్తకం ఒకటుంది. అందులో కొన్ని పేజీలు అచ్చువి, ఎక్కువ భాగం ఆమె చేతిరాత. వాటిని టైపు చేసి బంధువులకు పంచాలని ఆమె కోరిక. చిన్నవాడికి అక్షరాలూ లెక్కలూ ఆటలాగా నేర్పేది ఏదైనా ఉంటే చెప్పండి. మా ఇంట్లో వేరే ఇంటర్నెట్ లేదు, ఫోను డేటాయే దిక్కు. అన్నిటికంటే ముందు నాకొక సందేహం ఉంది. ఇంత పని చేసే సాఫ్ట్‌వేరును ఎవరైనా ఊరికే ఎందుకిస్తారు? ఇందులో మళ్ళీ ఏదైనా మోసం ఉందా?

జవాబు: బరంపురం నుంచి

అమ్మా, నమస్కారం. నేను బరంపురంలో ముప్పయ్యేళ్ళు గణితం చెప్పి ఉద్యోగ విరమణ చేసినవాణ్ణి. మీ చివరి సందేహానికే ముందుగా జవాబు చెబుతాను. అది తేలితే తక్కినవాటిలో సగం వాటంతట అవే తేలిపోతాయి.

ఈ విషయంలో ఇంగ్లీషు వారికి ఒక చిక్కు ఉంది. డబ్బు తీసుకోకుండా ఇచ్చినదాన్నీ, కట్టుబాట్లు లేకుండా ఇచ్చినదాన్నీ వారు ఒకే మాటతో ‘ఫ్రీ’ అంటారు. మనకు ఆ ఇబ్బంది లేదు, ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు. 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ అనే అమెరికా ప్రోగ్రామరు గ్నూ ప్రాజెక్టును ప్రకటించినప్పుడు ఆయన కోరినది రెండోది. ఒక సాఫ్ట్‌వేరును ఏ పనికైనా వాడుకునే హక్కు, అది ఎలా పనిచేస్తుందో చూసి మార్చుకునే హక్కు, నకలు తీసి ఇతరులకు ఇచ్చే హక్కు, మార్చిన రూపాన్ని కూడా పంచే హక్కు ఉన్నప్పుడే దాన్ని స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ అంటారు. దాని మూల సంకేతం, అంటే ప్రోగ్రామర్లు రాసిన అసలు పాఠం, అందరికీ అందుబాటులో ఉంటుంది. అందువల్ల మీ బ్రౌజరులో చొరబడినటువంటి ప్రకటనల పురుగును అందులో దాచడం కష్టం, దాచినా ఎవరో ఒకరి కంటపడే అవకాశం ఎక్కువ.

ఎందుకు ఇస్తారన్న ప్రశ్నకు ఒక ఉదాహరణ చెబుతాను. లిబ్రేఆఫీస్ అనే కార్యాలయ సాఫ్ట్‌వేరును డాక్యుమెంట్ ఫౌండేషన్ చూసుకుంటుంది. అది జర్మనీలో నమోదైన, లాభాపేక్ష లేని సంస్థ, విరాళాల మీద నడుస్తుంది. ఆ సాఫ్ట్‌వేరును పెద్ద కార్యాలయాలలో అమర్చి, ఆ సేవకు డబ్బు తీసుకునే కంపెనీలు కూడా ఉన్నాయి. వాటి ఉద్యోగులూ, ప్రపంచమంతటా ఉన్న స్వచ్ఛంద ప్రోగ్రామర్లూ కలిసి దాన్ని రాస్తున్నారు. మన ఊళ్ళల్లో చెరువు పూడిక అందరూ కలిసి తీసుకుని నీళ్ళు అందరూ వాడుకున్నట్లే ఇదీను. మోసం లేదు.

అయితే ఒక జాగ్రత్త అవసరం. ఉచితంగా దొరికే ప్రతిదానికీ ఈ స్వేచ్ఛ ఉండదు. కొన్నిటిని ఇంటి వాడకానికి మాత్రమే ఉచితమని షరతు పెట్టి ఇస్తారు, కొట్టు లెక్కలకు వాడితే ఆ షరతు తప్పినట్లవుతుంది. మీ ఇంట్లో ఇల్లూ వ్యాపారమూ ఒకే కంప్యూటరు మీద నడుస్తాయి కనుక స్వేచ్ఛా సాఫ్ట్‌వేరునే ఎంచుకోవడం మీకు అన్ని విధాలా క్షేమం. అమ్మాయి తన స్నేహితురాలికి పెన్ డ్రైవులో నకలు ఇచ్చినా అది తప్పు కాదు.

లిబ్రేఆఫీస్ 2010లో ఓపెన్ఆఫీస్ నుంచి వేరుపడి మొదలైంది. పాత ఓపెన్ఆఫీస్ ఇప్పటికీ దొరుకుతుంది గానీ దానిలో మార్పులు బాగా మందగించాయి, కాబట్టి మీరు లిబ్రేఆఫీసునే తెచ్చుకోండి. ఉత్తరాలకు అందులో రైటర్, లెక్కలకు కాల్క్, బడిలో చూపించే స్లైడులకు ఇంప్రెస్ ఉన్నాయి. ఇన్‌స్టాల్ చేసే ఫైలు సుమారు 350 ఎంబీ ఉంటుంది. ఒకసారి దింపుకుంటే మళ్ళీ ఇంటర్నెట్ అవసరం ఉండదు, చందా ఉండదు, తాళం ఉండదు.

కొట్టు లెక్కల గురించి కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే చాలామంది ఇక్కడే అనవసరమైన బరువు నెత్తికెత్తుకుంటారు. గ్నూక్యాష్ అనే మంచి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉంది, కానీ అది జమాఖర్చుల ద్వంద్వ పద్ధతి తెలిసినవారికి. మీవారికి అలవాటైన చిట్టా, ఆవర్జా పద్ధతినే కాల్క్‌లోకి తెచ్చుకోండి. మొదటి షీటును చిట్టాగా పెట్టుకుని తేదీ, పేరు, సరుకు, అప్పు, జమ అని అయిదు నిలువు వరుసలు గీయండి. ఏ రోజు ఏది జరిగితే అది వరుసగా రాస్తూ పోండి, వెనక్కి వెళ్ళి దేన్నీ చెరపవద్దు. రెండో షీటులో ఖాతాదారుల పేర్లు రాసి, ఒక్కొక్క పేరు ఎదుట ‘సమ్ఇఫ్’ అనే సూత్రంతో ఆ పేరు మీది అప్పుల మొత్తం నుంచి జమల మొత్తాన్ని తీసివేయించండి. అదే మీ ఆవర్జా. చిట్టాలో ఒక వరుస రాయగానే ఎవరి బాకీ ఎంతో దానంతట అదే మారిపోతుంది. ఒకే మనిషి పేరును రెండు రకాలుగా రాస్తే మాత్రం లెక్క రెండుగా చీలిపోతుంది, ఆ ఒక్క విషయంలో కచ్చితంగా ఉండండి.

ఇక ఎక్కడి నుంచి తెచ్చుకోవాలన్నది ఏది తెచ్చుకోవాలన్నదానికంటే ముఖ్యం. అసలు సాఫ్ట్‌వేర్ మంచిదే అయినా, మధ్యలో ఉన్న ఏదో ఒక డౌన్‌లోడ్ సైటు దానికి తన సరుకును అంటగట్టి ఇస్తుంది. వెతికినప్పుడు పైన కనిపించే మొదటి ఫలితం చాలాసార్లు ప్రకటనే. పేజీలో పెద్ద ఆకుపచ్చ బొత్తాము కనిపించగానే నొక్కకండి. తయారుచేసినవారి సొంత చిరునామాను మీరే టైపు చేయండి. లిబ్రేఆఫీసుకు లిబ్రేఆఫీస్ డాట్ ఆర్గ్, వీడియోలు చూసే వీఎల్‌సీకి వీడియోల్యాన్ డాట్ ఆర్గ్, ఫొటోలు దిద్దే గింప్‌కు గింప్ డాట్ ఆర్గ్. వీటి పేర్లను ఒక కాగితం మీద రాసి కంప్యూటరు పక్కన అంటించండి. పిల్లలు కూడా ఆ కాగితం దాటి వెళ్ళకుండా అలవాటు చేయండి. వేరే యాంటీవైరస్ కొననవసరం లేదు, విండోస్‌తో వచ్చిన డిఫెండరును ఆపకుండా ఉంచితే ఇంటికి చాలు.

జవాబు: పర్లాకిమిడి నుంచి

అక్కా, నమస్తే. నేను పర్లాకిమిడిలో డీటీపీ పని చేస్తాను. శుభలేఖలు, కరపత్రాలు, గుడి ఉత్సవాల పుస్తకాలు తెలుగులోనూ ఒడియాలోనూ కూర్చడం నా వృత్తి. మాస్టారు చెప్పినవన్నీ నిజమే. అక్షరాల విషయంలో మాత్రం నేను చెప్పవలసింది ఉంది. సరిహద్దు ఊళ్ళలో ఉండే మనకు దాన్ని మించిన సమస్య లేదు.

మా దుకాణాలలో చాలా ఏళ్ళుగా వాడుతున్న పాత డీటీపీ ఫాంట్లలో తెలుగు అక్షరం నిజానికి తెలుగు అక్షరం కాదు. లోపల కంప్యూటరు దాచుకునేది ఇంగ్లీషు అక్షరాన్నే, పైన తెలుగు బొమ్మ తొడుగుతుంది. ఆ ఫాంటు లేని కంప్యూటరులో తెరిస్తే పెళ్ళిపాట అంతా అర్థంలేని గుర్తుల వరుస అవుతుంది. యూనికోడ్‌లో అలా కాదు, ప్రతి లిపిలోని ప్రతి అక్షరానికీ తనదైన సంఖ్య ఉంటుంది. తెలుగుకు ఒక గది, ఒడియాకు మరొక గది కేటాయించారు కనుక ఒకే వాక్యంలో రెండూ కలిసి ఉన్నా ఒకదాన్నొకటి చెరపవు. అత్తగారి పాటలను ఎవరు టైపు చేసినా యూనికోడ్‌లోనే చేయించండి. డబ్బిచ్చి బయట చేయించినా ముందే ఆ మాట చెప్పి ఒప్పించుకోండి. మా నాన్నగారి హయాములో కూర్చిన పుస్తకాల ఫైళ్ళు మా దుకాణంలో ఎన్నో ఉన్నాయి. వాటిని ఇప్పుడు తెరిచి చదువుకోవడానికి నేను పడుతున్న కష్టం మీ పిల్లలు పడకూడదు.

టైపు చేయడానికి మీరు ఏదీ దింపుకోనవసరం లేదు. విండోస్ 10లో 2019 నుంచి తెలుగు, ఒడియా ఫొనెటిక్ కీబోర్డులు అందులోనే ఉన్నాయి. సెట్టింగ్స్‌లో భాషల విభాగానికి వెళ్ళి తెలుగును, ఒడియాను చేర్చుకుంటే చాలు. విండోస్ మీటనూ స్పేస్ మీటనూ కలిపి నొక్కిన ప్రతిసారీ ఒక భాష నుంచి మరొక భాషకు మారుతుంది. ఇంగ్లీషు స్పెల్లింగుతో రాస్తే మన అక్షరం వస్తుంది కనుక మొదటిరోజే పని సాగుతుంది.

కానీ అమ్మాయి తొమ్మిదో తరగతి అన్నారు, ముందున్న కాలమంతా దానిదే. దానికి మాత్రం ఇన్‌స్క్రిప్ట్ నేర్పించండి. భారత ప్రభుత్వం మన దేశ భాషలన్నిటికీ కలిపి రూపొందించిన కీబోర్డు అమరిక అది. ఇంగ్లీషు ‘కె’ మీట తెలుగులో ‘క’, ఒడియాలోనూ ‘క’, హిందీలోనూ ‘క’. ‘హెచ్’ మీట మూడింటిలోనూ ‘ప’. అచ్చుల గుర్తులు ఎడమచేతి వైపు, హల్లులు ఎక్కువగా కుడిచేతి వైపు ఉంటాయి. ‘డి’ మీద ఉన్న పొల్లుతో ఒత్తులు కడతాం. తెలుగులో ఒక నెల సాధన చేస్తే ఒడియాలో టైపు చేయడం దాదాపుగా వచ్చేసినట్లే, ఎందుకంటే వేళ్ళు వెళ్ళే చోటు మారదు. రెండు లిపుల మధ్య పెరిగే పిల్లలకు ఇంతకంటే మంచి వరం నాకు కనిపించలేదు.

ఫాంట్లకు కూడా డబ్బు పెట్టకండి. నోటో అనే ఫాంట్ల కుటుంబం స్వేచ్ఛా లైసెన్సుతో దొరుకుతుంది. అందులో తెలుగు ఉంది, ఒడియా ఉంది, మీ గుణుపురం చుట్టుపక్కల సవరలు వాడే సొరా సొంపెంగ్ లిపి కూడా ఉంది. 1936లో మంగేయి గొమాంగో రూపొందించిన ఆ లిపికి 2012లో యూనికోడ్‌లో చోటు దొరికింది. గిడుగు రామమూర్తి పంతులుగారు సవర భాష మీద పనిచేసిన ఊళ్ళో కూర్చుని ఆ లిపిని తెర మీద చూసినప్పుడు నాకు కళ్ళు చెమర్చాయి. అత్తగారి పుస్తకానికి శీర్షికలు అందంగా కావాలంటే గూగుల్ ఫాంట్స్‌లో రామభద్ర, ధూర్జటి, తిమ్మన, సూరన్న వంటి తెలుగు ఫాంట్లు ఉన్నాయి. గిడుగు పేరుతోనూ ఒకటి ఉంది. పాఠానికి మాత్రం నోటో సెరిఫ్ తెలుగో, మండలియో వాడండి. అలంకారపు ఫాంట్లను చిన్న సైజులో పెద్దవాళ్ళు చదవలేరు.

అచ్చు పేజీల కోసం నాప్స్2 అనే స్కానింగ్ సాఫ్ట్‌వేర్ ప్రయత్నించండి. స్కానరు లేకపోయినా, ఫోనుతో తీసిన ఫొటోలను అందులోకి తీసుకోవచ్చు. దాని లోపల అక్షరాలను గుర్తించేది టెసరాక్ట్ అనే యంత్రాంగం. 1980లలో హ్యూలెట్ ప్యాకార్డ్ పరిశోధకులు మొదలుపెట్టిన ఆ పని 2005లో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌గా బయటికి వచ్చింది. ఇప్పుడు తెలుగునూ ఒడియానూ కూడా చదువుతుంది. ఆ భాషల ఫైళ్ళను ఒకసారి దింపుకుంటే చాలు. పేజీని వెలుతురులో, నిలువుగా, మడత లేకుండా ఫొటో తీస్తే ఫలితం బాగుంటుంది. అయినా ఒత్తుల దగ్గర, అరిగిన అచ్చు దగ్గర తప్పులు వస్తాయి, పక్కన పుస్తకం పెట్టుకుని ఒక్కొక్క చరణమూ దిద్దుకోవలసిందే. చేతిరాతను మాత్రం అది చదవలేదు. ఆ పేజీలను అత్తగారు పాడుతుంటే మీరో అమ్మాయో టైపు చేయడమే సరైన పద్ధతి. పుస్తకంలో లేని చరణాలు కూడా అప్పుడు బయటపడతాయి, నాకు అది అనుభవం. వీలైతే ఆడాసిటీతో ఆమె గొంతును కూడా రికార్డు చేసి ఉంచండి.

పుస్తకం నలభై, యాభై పేజీలు మించకపోతే లిబ్రేఆఫీస్ రైటరులోనే కూర్చి పీడీఎఫ్‌గా ఎగుమతి చేయవచ్చు. పేజీ అలంకరణ ఎక్కువగా కావాలనుకుంటే స్క్రైబస్ ఉంది. పాత వెర్షన్లలో తెలుగు ఒత్తులు విడిపోయేవి, 2024 జనవరిలో వచ్చిన 1.6 నుంచి సరిగా కూర్చుంటున్నాయి. నేను ఇప్పుడు కొన్ని చిన్న పుస్తకాలను అందులోనే చేస్తున్నాను. శుభలేఖ మీది ముగ్గులు, గీతల బొమ్మలు వేయడానికి ఇంక్‌స్కేప్. దరఖాస్తు ఫొటోకు గింప్‌లో బొమ్మ కొలతలు తగ్గించి, జేపీజీగా ఎగుమతి చేసేటప్పుడు వచ్చే నాణ్యత మీటను కొద్దికొద్దిగా తగ్గిస్తూ పోతే ఫైలు ఎన్ని కేబీ అవుతోందో అక్కడే కనిపిస్తుంది.

జవాబు: రాయగడ నుంచి

చెల్లీ, నేను రాయగడలో చిన్న పిల్లలకు పాఠాలు చెబుతాను. మీ అబ్బాయి వయసుకు తగినవి నేను వాడి చూసినవే చెబుతాను.

మొదటిది జీకాంప్రి. 2000 సంవత్సరం నుంచి ఉన్న సాఫ్ట్‌వేర్ ఇది. రెండేళ్ళ నుంచి పదేళ్ళ వయసు పిల్లల కోసం వందకు పైగా ఆటలున్నాయి. మౌసు కదపడం దగ్గర మొదలై, లెక్కించడం, గడియారం చూడడం, డబ్బు చిల్లర ఇవ్వడం, చదరంగం వరకూ వెళుతుంది. చిల్లర ఆట మీ ఇంటికి ప్రత్యేకంగా పనికొస్తుంది, కొట్టు చూసే పిల్లవాడు కదా. రెండోది టక్స్ పెయింట్. బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్, మెనూలు తెలుగులో కూడా పెట్టుకోవచ్చు. ఈ రెండింటిలోనూ ప్రకటనలు లేవు, కొనమని మధ్యలో అడగడం లేదు. ఫోనులో పిల్లల ఆటలు చూసినవారికి ఈ తేడా వెంటనే తెలుస్తుంది. రోజుకు అరగంట మించనివ్వకండి, పక్కన కూర్చుని ఏం చేశావని తెలుగులో చెప్పించుకోండి.

అమ్మాయికి కివిక్స్ తప్పనిసరిగా పెట్టించండి. వికీపీడియా మొత్తాన్ని ఒకే ఫైలుగా దింపుకుని, ఆ తరువాత ఇంటర్నెట్ లేకుండా చదువుకోవడానికి వీలు కల్పించే సాఫ్ట్‌వేర్ అది. 2002లో మొదలైన ఒడియా వికీపీడియా, 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియా రెండూ అందులో వేర్వేరు ఫైళ్ళుగా దొరుకుతాయి. బొమ్మలు లేని చిన్న రూపాన్ని ఎంచుకుంటే డేటా తక్కువ ఖర్చవుతుంది. ఫోను డేటాతో ఇంట్లో దింపే బదులు, మంచి ఇంటర్నెట్ ఉన్న బంధువుల ఇంట్లో పెన్ డ్రైవులోకి తీసుకుని తెచ్చుకోవడం తెలివైన పని. మా బడిలో వర్షాకాలంలో లైను తెగిపోయిన రోజుల్లో పిల్లలకు ఇదే ఆధారం.

సైన్సు ప్రాజెక్టు అన్నారు కనుక మరొకటి కూడా చెబుతాను. స్టెల్లేరియం అనే సాఫ్ట్‌వేర్ ఆకాశాన్ని తెర మీద చూపిస్తుంది. మన ఊరి అక్షాంశ రేఖాంశాలు ఇస్తే, ఏ రాత్రి ఏ వేళకు ఏ నక్షత్రం ఎక్కడ ఉంటుందో కనిపిస్తుంది. గుణుపురం సుమారు 19 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది, కాబట్టి ధ్రువ నక్షత్రం మీ ఉత్తరపు దిక్కున దాదాపు 19 డిగ్రీల ఎత్తులో ఉండాలి. అమ్మాయి ఆ కోణాన్ని ముందు తెర మీద చూసి, తరువాత డాబా మీద కోణమానినికి దారం, రాయి కట్టి తానే కొలిస్తే మంచి ప్రాజెక్టు అవుతుంది. ఊరి దీపాలు తక్కువగా ఉండే మన ప్రాంతంలో ఆ అవకాశం ఉంది. పట్నం పిల్లలకు లేదు. పాత కంప్యూటర్లలో ఇది కొంచెం నెమ్మదిగా నడవవచ్చు.

జవాబు: జయపురం నుంచి

నమస్కారమండీ. జయపురంలో కంప్యూటర్లు బాగుచేస్తాను. విండోస్ 10 గురించి ఎవరూ ప్రస్తావించలేదు కనుక రాస్తున్నాను.

విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. వ్యక్తిగత వాడకందారులు నమోదు చేసుకుంటే 2026 అక్టోబరు 13 వరకు భద్రతా నవీకరణలు ఇస్తామని తయారీదారు ప్రకటించారు. మీరు వెంటనే ఆ నమోదు చేసుకోండి. డిఫెండరు ఉంటే చాలునని మాస్టారు అన్నారు, కానీ అడుగునున్న వ్యవస్థకే మరమ్మతులు ఆగిపోతే పైన కాపలా పెట్టి ప్రయోజనం తక్కువ. విండోస్ 11కు మారడం మీ కంప్యూటరుకు సాధ్యం కాకపోవచ్చు. దానికి టీపీఎం 2.0 అనే భద్రతా భాగం, ఇంటెల్ అయితే సుమారుగా ఎనిమిదో తరం లేదా ఆ తరువాతి ప్రాసెసరు ఉండాలి. మన ఊళ్ళలో వాడినవిగా అమ్ముతున్న డెస్క్‌టాపులు చాలావరకు అంతకంటే పాతవి. కొందరు అడ్డదారిలో ఎక్కించి ఇస్తామంటారు, ఒప్పుకోకండి. దొంగ నకళ్ళ వల్ల ఒకసారి నష్టపోయారు.

ఆ గడువు దాటాక మీకున్న మంచి దారి లినక్స్ మింట్. 2006 నుంచి వస్తున్న ఈ ఆపరేటింగ్ వ్యవస్థ స్వేచ్ఛా సాఫ్ట్‌వేరే. ఒక్కొక్క పెద్ద వెర్షనుకు అయిదేళ్ళు మద్దతు ఉంటుంది. 2 జీబీ ర్యామ్ ఉంటే నడుస్తుంది, 4 జీబీ ఉంటే సౌకర్యంగా నడుస్తుంది. మీ కంప్యూటరుకు అందులోని ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే తేలికపాటి రూపం సరిపోతుంది. పైవారు చెప్పిన లిబ్రేఆఫీస్, గింప్, ఇంక్‌స్కేప్, వీఎల్‌సీ, జీకాంప్రి, స్టెల్లేరియం అన్నీ అందులోనూ ఉన్నాయి. అన్నిటినీ దాని సాఫ్ట్‌వేర్ మేనేజరులోనే వెతికి తీసుకోవచ్చు, డౌన్‌లోడ్ సైట్ల గొడవే ఉండదు. తెలుగు, ఒడియా ఇన్‌స్క్రిప్ట్ కూడా అక్కడ పనిచేస్తుంది. కనుక ఈ ఏడాది విండోస్ మీదనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్లకు అలవాటు పడండి. అడుగు మారినా పైన పని మారదు.

మారేముందు పరీక్షించుకోవచ్చు. మింట్ ఫైలు సుమారు 3 జీబీ ఉంటుంది. దాన్ని రూఫస్ అనే చిన్న ఉచిత సాధనంతో పెన్ డ్రైవులో ఎక్కించి, ఆ పెన్ డ్రైవు మీదనుంచే కంప్యూటరును నడిపి చూడండి. హార్డ్ డిస్కులో దేనికీ హాని కలగదు. ముఖ్యంగా మీ ప్రింటరు పనిచేస్తోందో లేదో ఆ సమయంలోనే చూసుకోవాలి, తరువాత ఇబ్బంది పెట్టేది అదే. చేతిలో కొంత డబ్బు ఉంటే సాఫ్ట్‌వేర్ మీద కాకుండా ఒక 240 లేదా 256 జీబీ ఎస్‌ఎస్‌డీ, అంటే హార్డ్ డిస్కు కంటే చాలా వేగంగా పనిచేసే డిస్కు, మీద పెట్టండి. పాత హార్డ్ డిస్కు స్థానంలో దాన్ని పెడితే కంప్యూటరు తెరుచుకునే వేగం చూసి మీరే ఆశ్చర్యపోతారు. తీసిన పాత డిస్కును యూఎస్‌బీతో కంప్యూటరుకు తగిలించే పెట్టెలో అమర్చి, పాటలూ ప్రాజెక్టులూ వారానికొకసారి అందులోకి నకలు తీసుకోండి. అమ్మాయి మూడు రాత్రుల కష్టం చదివిన తరువాత ఇది చెప్పకుండా ఉండలేను. ఒకే చోట ఉన్న ఫైలు ఉన్నట్లు కాదు.

తిరిగి గుణుపురం నుంచి

మీ అందరికీ ఎంత రుణపడి ఉన్నానో చెప్పలేను. పదిహేను రోజులుగా మీరు చెప్పినవి ఒక్కొక్కటే చేస్తున్నాం. విజయనగరంలో ఉన్న మా తమ్ముడి ఇంటికి వెళ్ళినప్పుడు లిబ్రేఆఫీస్, కివిక్స్, జీకాంప్రి అన్నీ వాటి సొంత చిరునామాల నుంచే పెన్ డ్రైవులోకి తీసుకుని తెచ్చాను. చిట్టాలో మావారు నూట పద్దెనిమిది వరుసలు రాశారు. ఒకే మనిషిని ‘పెద్ద అప్పన్న’ అనీ ‘అప్పన్న’ అనీ రెండు విధాలా రాయడం వల్ల మొదట లెక్క తేడా వచ్చింది, మాస్టారు ముందే హెచ్చరించినందువల్ల ఎక్కడ వెతకాలో తెలిసింది. భద్రతా నవీకరణల నమోదు కూడా అయింది.

అత్తగారు పాడుతుంటే అమ్మాయి ఇప్పటికి పదకొండు పాటలు టైపు చేసింది. పర్లాకిమిడి తమ్ముడు చెప్పినట్లే, అప్పగింతల పాటలో పుస్తకంలో లేని రెండు చరణాలు ఆమె నోట వచ్చాయి. ఒక చిక్కు మాత్రం తీరలేదు. రైటరులో తెలుగు పాఠాన్ని ఎంపిక చేసి ఫాంటును మండలికి మార్చినా, సైజు పెంచినా, ఇంగ్లీషు అక్షరాలు మారుతున్నాయి గానీ తెలుగు అక్షరాలు అలాగే ఉండిపోతున్నాయి. ఎక్కడ పొరపాటు చేస్తున్నాం?

జవాబు: పర్లాకిమిడి నుంచి

అక్కా, మీ పొరపాటు కాదు. లిబ్రేఆఫీస్ ఇంగ్లీషు వంటి లిపులకు ఒక ఫాంటునూ, మన లిపుల వంటి సంయుక్తాక్షరాల లిపులకు మరొక ఫాంటునూ విడివిడిగా గుర్తుపెట్టుకుంటుంది. టూల్స్ మెనూలో ఆప్షన్స్‌కు వెళ్ళి, లాంగ్వేజ్ సెట్టింగ్స్ కింద ఉన్న కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్ అనే గడిలో టిక్కు పెట్టండి. దాని పక్కనే భాషను తెలుగుగా ఎంచుకోండి. ఆ తరువాత ఫార్మాట్ మెనూలో క్యారెక్టర్ తెరిస్తే ఫాంట్లకు రెండు విభాగాలు కనిపిస్తాయి. రెండో విభాగంలో మండలినీ సైజునూ పెట్టండి.

ప్రతి పాటకూ ఇలా చేయనవసరం లేదు. స్టైల్స్ పట్టికలో డిఫాల్ట్ పేరాగ్రాఫ్ స్టైల్ మీద కుడి మీట నొక్కి, మార్పు ఎంచుకుని, అక్కడే ఒకసారి పెడితే పుస్తకమంతటికీ వర్తిస్తుంది. ఏదైనా పేరాలో ఇంతకుముందు చేత్తో చేసిన మార్పులు అడ్డుపడితే ఆ పేరాను ఎంపిక చేసి కంట్రోల్, షిఫ్ట్, ఎం మూడూ కలిపి నొక్కండి. పాటలు పూర్తయ్యాక పీడీఎఫ్ చేయండి, ఫాంట్లు అందులోనే ఇమిడి ఉంటాయి కనుక ఎవరి ఫోనులో తెరిచినా అక్షరాలు చెదరవు. అసలు రైటరు ఫైలును మాత్రం చెరపకుండా రెండు చోట్ల దాచండి. అత్తగారికి ఇంకో చరణం గుర్తొస్తే చేర్చవలసింది అందులోనే.